మొదటి క్వాడ్‌కాప్టర్: ఇరవై వేలలో ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి

రాజాం, టెక్కలి, విజయనగరం ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ప్రాజెక్టుల సీజన్ రాగానే క్వాడ్‌కాప్టర్ (నాలుగు మోటార్ల డ్రోను) కట్టాలనుకునే చాలామంది ముందుగా వెతికేది "అన్నీ కలిపిన కిట్". ఫ్రేము, మోటార్లు, క్వాడ్‌ని గాల్లో అదుపుచేసే బోర్డు అంటే కంట్రోలరు, బ్యాటరీ, చిన్న ఛార్జరు, రిమోటు ఒకే డబ్బాలో పది పన్నెండు వేలకి వస్తాయి. చూడ్డానికి బేరం బాగానే ఉంటుంది. నా వాదన ఏమిటంటే, మొదటి క్వాడ్‌కి అంతకంటే ఖరీదైన దారి లేదు. అమ్మేవాడు ఆ ధరకి కిట్ ఇవ్వాలంటే ఎక్కడో కోత పెట్టాలి. ఆ కోత ఎప్పుడూ ఛార్జరు మీద, బ్యాటరీ మీద, కంట్రోలరు మీద, రిమోటు మీదే పడుతుంది. నిజానికి ఏళ్ల తరబడి మన దగ్గర ఉండాల్సినవి అవే.

మొదటి క్వాడ్ పడుతుంది. ఎంత జాగ్రత్తగా కట్టినా మొదటి నెలలో పడుతుంది. పడినప్పుడు విరిగేవి ప్రొపెల్లర్లు, ఫ్రేము చేతులు, ఒకోసారి మోటారు షాఫ్టు. రిమోటు మన చేతిలో ఉంటుంది, ఛార్జరు ఇంట్లో ఉంటుంది, కంట్రోలరు మధ్యలో భద్రంగా ఉంటుంది. కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. విరిగే వాటిలో ఎఫ్450 ఫ్రేము సుమారు రూ.900, నాలుగు మోటార్లు రూ.1,600, నాలుగు ఈఎస్‌సీలు (ఒక్కో మోటారు వేగాన్ని అదుపుచేసే బోర్డులు) రూ.1,600, మూడు సెట్ల ప్రొపెల్లర్లు రూ.700. మొత్తం ఐదు వేల లోపు. మిగిలే వాటిలో రిమోటు, రిసీవరు కలిపి రూ.5,000, కంట్రోలరు రూ.3,500, ఛార్జరు రూ.2,200, రెండు బ్యాటరీలు రూ.3,800. అంటే పద్నాలుగున్నర వేలు. వైర్లు, కనెక్టర్లు, టేపులకి ఇంకో వెయ్యి. ధరలు కాస్త అటూ ఇటూ అయినా నిష్పత్తి ఇదే: నాలుగో వంతు గాల్లో విరిగే సామానుకి, మిగతాది రెండో క్వాడ్‌కి కూడా పనికొచ్చే సామానుకి.

ఇక సైజు. 250 గ్రాముల లోపు చిన్న డ్రోను కట్టమని చాలామంది చెబుతారు. నిబంధనల పరంగా అది తేలికే. కానీ మన తీరంలో, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేచే చోట, అంత తేలికది కొత్తవాళ్ల చేతిలో నిలవదు. దూరానికి కంటికి ఆనదు, ముందు ఏదో వెనక ఏదో తెలియదు. దాని సోల్డరింగ్ కూడా సూదిమొన పనే. 5 అంగుళాల రేసింగ్ క్వాడ్ గట్టిదే కానీ నేర్చుకునేవాడికి మరీ వేగం ఎక్కువ. 450 మి.మీ. ఫ్రేము, అంటే ఎదురెదురు మోటార్ల మధ్య కొలత 450 మి.మీ. ఉన్నది, పది అంగుళాల ప్రొపెల్లర్లతో నింపాదిగా కదులుతుంది. గాలికి కాస్త తట్టుకుంటుంది, స్క్రూడ్రైవరుతో బాగుచేసుకోవచ్చు, విరిగిన చెయ్యి ఒక్కటీ విడిగా నూటయాభై లోపు దొరుకుతుంది. అందుకే ఇక్కడి నేలకి, ఇక్కడి గాలికి నేను 450 వైపే. ఫ్రేముతో పాటే మరో రెండు చేతులు ఆర్డరు పెట్టేయండి. ఎర్రవి రెండు, తెల్లవి రెండు అమర్చుకుంటే గాల్లో ముందు భాగం ఏదో కనబడుతుంది.

విడిభాగాలు ఎంచుకునే ముందు కాగితం మీద బరువు వేయాలి. ఫ్రేము 280 గ్రాములు, నాలుగు మోటార్లు 220, ఈఎస్‌సీలు 100, బ్యాటరీ 180, ప్రొపెల్లర్లు 40, కంట్రోలరు, రిసీవరు, బజరు, పట్టీలు కలిపి 100. మొత్తం 920. వైర్లు, స్క్రూలు కలుపుకుని కిలో అనుకోండి. నాలుగు మోటార్ల పూర్తి థ్రస్టు, అంటే పైకి లేపే బలం, ఈ బరువుకి కనీసం రెట్టింపు ఉండాలి. మంచి ఏ2212 1000 కేవీ మోటారు (కేవీ సంగతి కింద ఉంది) 1045 అనే పది అంగుళాల ప్రొపెల్లరుతో, 3ఎస్ (మూడు సెల్‌ల) బ్యాటరీ మీద 800 గ్రాముల దాకా లాగుతుంది. చవక నకలుకి 700 అనే లెక్క వేయండి. నాలుగూ కలిపి 2,800 గ్రాములు. కిలో బరువుకి ఇది ధారాళం, 1,400 గ్రాముల దాకా ఫరవాలేదు. కెమెరా, దాన్ని నిలకడగా పట్టే గింబల్, పొడుగు కాళ్లు, పెద్ద బ్యాటరీ ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోతే ఆ గీత దాటేస్తారు. అప్పుడు క్వాడ్ లేస్తుంది గానీ, గాలి కొట్టినప్పుడు సర్దుకోవడానికి మోటార్లలో శక్తి మిగలదు.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది కేవీ దగ్గర. కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటారు తిరిగే చుట్ల సంఖ్య, నిమిషానికి. 1000 కేవీ మోటారు 11.1 వోల్టుల మీద పదకొండు వేల చుట్లు. ఎక్కువ కేవీ అంటే ఎక్కువ బలం అనుకుని, ధర ఒకటే కదా అని 1400 కేవీవో 2200 కేవీవో తెప్పించి, వాటికి 1045 ప్రొపెల్లర్లు తగిలిస్తారు. పది అంగుళాల రెక్కని అంత వేగంగా తిప్పాలంటే మోటారు తన హద్దుకి మించి కరెంటు లాగుతుంది. వైండింగు మీది పూత కాలి వాసన వస్తుంది, దానితో ఈఎస్‌సీ కూడా పోతుంది. 1045 కావాలంటే 920 నుంచి 1000 కేవీ, 3ఎస్. 1400 కేవీకి ఎనిమిది అంగుళాలు. 2200 కేవీకి ఆరు అంగుళాలు, అది విమానాల మోటారు, మనకి అక్కర్లేదు. 1000 కేవీ, 1045 జతని 4ఎస్ (నాలుగు సెల్‌ల) బ్యాటరీ మీద నడపకండి, చేతితో తాకలేనంత వేడెక్కుతుంది.

మోటార్లు చేతికి రాగానే ఒక్కోదాన్ని వేళ్లతో తిప్పి చూడండి. గరగర శబ్దం వస్తే బేరింగు బాగోలేదు. పై గిన్నె అంచు అటూ ఇటూ ఊగితే షాఫ్టు వంగింది. మూడు తీగల్లో ఏ రెండిటినైనా కలిపి పట్టుకుని తిప్పితే అడ్డుకుంటున్నట్టు బిగువు తెలియాలి, మూడు జతలకీ ఆ బిగువు ఒకేలా ఉండాలి. తేడా ఉంటే లోపల వైండింగు తేడా. ఆ మోటారు బిగించకముందే వెనక్కి పంపండి, బిగించాక ఎవరూ తీసుకోరు. ఇక స్క్రూలు. ఫ్రేముకి మోటారు బిగించే ఎం3 స్క్రూ పొడవు ఎక్కువైతే దాని మొన లోపల రాగి తీగకి తగిలి పూత గీరుకుపోతుంది. బెంచి మీద బాగానే తిరిగి, గాల్లో వేడెక్కాక షార్ట్ అయ్యే మోటారుకి ముఖ్య కారణాల్లో ఇదొకటి. స్క్రూ పూర్తిగా బిగించాక కిందనుంచి టార్చి వేసి చూడండి, మొనకీ తీగకీ మధ్య వెలుతురు కనబడాలి. స్క్రూలు వదులవకుండా పట్టే నీలం రంగు జిగురు, థ్రెడ్‌లాకర్, ఒక్క చుక్క చాలు. అది ప్లాస్టిక్‌ని పగలగొడుతుంది కాబట్టి ఫ్రేము చేతికి అంటనివ్వకండి.

చవక ఏ2212తో వచ్చే ప్రొపెల్లరు అడాప్టరు షాఫ్టుని కొరికి పట్టుకునే రకం. చేతితో బిగిస్తే చాలదు. నట్టు పక్కనున్న రంధ్రంలో సన్నటి ఇనుప కడ్డీ పెట్టి గట్టిగా తిప్పాలి. ఇది వదులైతే ప్రొపెల్లరు గాల్లోనే పైకి లేచిపోతుంది. ఇంకో వంద రూపాయలు పెట్టగలిగితే తిరిగేకొద్దీ బిగుసుకునే మరలున్న 2212 920 కేవీ రకం తీసుకోండి. అందులో కుడి మర రెండు, ఎడమ మర రెండు ఉంటాయి. ఏది ఏ మూలకో చూసి బిగిస్తే ఈ బాధే ఉండదు.

ప్రొపెల్లర్లలో పల్చటి నారింజ రంగువి తీసుకోవద్దు. అవి నెమ్మదైన విమానాల కోసం చేసినవి, క్వాడ్ మీద రెక్క వంగి వణుకు పుట్టిస్తాయి. ఆ వణుకు కంట్రోలరు లోపలి సెన్సరుకి చేరితే ఎత్తు నిలబెట్టే మోడ్‌లో క్వాడ్ తనంతట తానే పైకి పోవడం మొదలెడుతుంది. గట్టి నైలాన్ రకం తీసుకుని, సన్నటి కడ్డీ మీద నిలబెట్టి, బరువు తక్కువ వైపు సెల్లోటేపు ముక్క అంటించి సమం చేయండి. కంట్రోలరులో నడిచే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ లాగులో (ఎగిరినప్పటి రికార్డులో) వైబ్రేషన్ విలువ 30 లోపు ఉంటే సుఖం, 60 దాటితే ఎగరేయకండి.

మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కళింగపట్నం, భావనపాడు తీరంలో ఇసుక నల్లగా మెరిసే చోట్లు ఉన్నాయి. ఇల్మనైట్ లాంటి ఇనుము కలిసిన బరువు ఖనిజాల ఇసుక అది. మోటారు గిన్నెలో ఉండేవి నియోడిమియం అయస్కాంతాలు. ఆ ఇసుక మీద దిగితే నల్లటి రేణువులు లోపలికి వెళ్లి అయస్కాంతాలకి అతుక్కుంటాయి. గిన్నెకీ, లోపల తీగ చుట్టిన స్టేటరుకీ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు, రేణువులు అక్కడ రాపాడి పూతని కొరికేస్తాయి. గాలి ఊదితే పోవు. గిన్నె విప్పి, టేపు జిగట వైపుతో అద్దుతూ తీయాల్సిందే. తీరంలో ఎగరేయాలనుంటే నాలుగడుగుల టార్పాలిన్ తీసుకెళ్లి దానిమీదే ఎక్కించి, దానిమీదే దింపండి. ఉప్పు గాలికి బేరింగులు తుప్పు పడతాయి కూడా. ఇంటికొచ్చాక ఒక్కో బేరింగుకి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయండి.

ఈఎస్‌సీ 30 ఆంపియర్లది చాలు. మోటారు పూర్తి బలంతో 13 ఆంపియర్లకి మించి లాగదు, మిగతాది భద్రత. ఈ చవక ఈఎస్‌సీలు పాత సిగ్నల్ పద్ధతే అర్థం చేసుకుంటాయి. కంట్రోలరులో బీటాఫ్లైట్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, డీషాట్ అనే కొత్త డిజిటల్ సిగ్నల్ ఎంచుకుంటే మోటార్లు కదలవు, మాటిమాటికీ బీప్‌లు కొడతాయి. అది సామాను తప్పు కాదు, అక్కడ పాత పద్ధతి అయిన మామూలు పీడబ్ల్యూఎం ఎంచుకోవాలి. నాలుగు ఈఎస్‌సీల ఎర్ర తీగలూ కంట్రోలరుకి కలపకండి. ఒకదాని 5 వోల్టులు చాలు, మిగతా మూడింటి ఎర్ర తీగ ప్లగ్గులోంచి తీసి టేపు చుట్టండి. మోటారు తప్పు దిక్కున తిరిగితే మూడు తీగల్లో ఏ రెండైనా మార్చండి, అంతే.

కంట్రోలరు విషయంలో నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు. కేకే 2.1.5 బోర్డు ఈ రోజుకీ పనిచేస్తుంది. తెర ఉంది, ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఒక పూటలో ఎగరేయొచ్చు. కానీ ఎత్తు నిలబెట్టదు, జీపీఎస్ తగిలించడానికి దారే లేదు. మూడో నెలలో దాన్ని పక్కన పెడతారు. ఏపీఎం 2.8 ఇంకా అమ్ముతున్నారు. దానికి ఆర్డుపైలట్ చివరి కాప్టర్ వెర్షన్ 3.2.1, ఆ తర్వాత ఆ ప్రాసెసరుకి మద్దతు ఆగిపోయింది. కొత్తగా నేర్చుకునేవాడు ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ మీద కాలం వెచ్చించడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఎఫ్405 ప్రాసెసరు ఉన్న బోర్డు తీసుకోండి. బీటాఫ్లైట్, ఐనావ్, ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్లు మూడూ దానిమీద నడుస్తాయి. 450కి నేను ఆర్డుపైలట్ వేయమంటాను. దాని మొదటి సెట్టింగులు ఈ సైజుకి దగ్గరగా ఉంటాయి, ముందు క్వాడ్‌ని సమంగా ఉంచే స్టెబిలైజ్, తర్వాత ఎత్తు నిలబెట్టే ఆల్ట్‌హోల్డ్ మోడ్‌లో నేర్చుకోవచ్చు.

బోర్డు కొనేముందు మూడు చూడండి. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటరు ఉందా, చవక రకాల్లో దాన్ని ఎత్తేస్తారు. ఒక్కో మోటారుకీ విడిగా సిగ్నల్ ప్యాడు ఉందా, కొన్ని బోర్డులకి నాలుగూ ఒకే ఈఎస్‌సీకి వెళ్లే ప్లగ్గు మాత్రమే ఉంటుంది. మీరు కొనబోయే కచ్చితమైన బోర్డు పేరు ఆర్డుపైలట్ జాబితాలో ఉందా. బారోమీటరు మీద చిన్న స్పాంజి ముక్క అంటించకపోతే ప్రొపెల్లర్ల గాలికే ఎత్తు లెక్క గెంతుతుంది. జీపీఎస్ లేకుండా మొదలెడితే కంపాస్ కూడా ఉండదు, దాన్ని సెట్టింగుల్లో ఆపేయాలి, లేకపోతే ఆర్మ్ అవ్వదు, అంటే మోటార్లు తిరగనివ్వదు. సోల్డరింగ్ అంటే అసలు చెయ్యి ఆడనివాళ్లు ప్లగ్గులతో వచ్చే పిక్స్‌హాక్ 2.4.8 నకలు వైపు వెళ్లొచ్చు, కాకపోతే నాణ్యత ఒక్కో అమ్మకందారు దగ్గర ఒక్కోలా ఉంటుంది.

రిమోటుకి ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6, ఐఏ6బీ రిసీవరు చాలు. రిసీవరులో ఐబస్ (అన్ని ఛానళ్లూ ఒకే తీగలో పంపే పద్ధతి) ప్లగ్గులు రెండుంటాయి, సర్వో అని రాసినదే కంట్రోలరుకి వెళ్లాలి, సెన్స్ అని ఉన్నది కాదు. అన్నిటికన్నా ముఖ్యం ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ పోతే థ్రాటిల్ కిందకి పడేలా పెట్టి, ప్రొపెల్లర్లు తీసేసి, మోటార్లు తిరుగుతుండగా రిమోటు ఆపండి. మోటార్లు ఆగాలి. ఈ పరీక్ష కాకుండా ఊరి మధ్య, పిల్లలున్న చోట క్వాడ్ లేపే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

బ్యాటరీ 3ఎస్ 2200 ఎంఏహెచ్, 30సీ. సీ అంటే సామర్థ్యానికి ఎన్ని రెట్లు కరెంటు ఇవ్వగలదో చెప్పే సంఖ్య. 2.2 ఆంపియర్-గంటలు, ముప్పై రెట్లు అంటే 66 ఆంపియర్లు. నాలుగు మోటార్లు గరిష్ఠంగా లాగేది 52. లేబుల్ మీది సంఖ్య కొంచెం పెంచి వేసినా మనకి సరిపోతుంది. గాల్లో నిలకడగా ఉన్నప్పుడు మొత్తం 12 ఆంపియర్ల చుట్టూ లాగుతుంది. బ్యాటరీలో 80 శాతమే వాడాలి కాబట్టి 1.76ని 12తో భాగించి 60తో గుణిస్తే ఎనిమిది నిమిషాల పైచిలుకు. గాలి ఉంటే ఏడు. ఇరవై నిమిషాలు ఎగురుతుందని రాసిన ప్రకటన చూస్తే ఈ లెక్క వేసి చూడండి. 5200 ఎంఏహెచ్ పెట్టినా సమయం అదే దామాషాలో పెరగదు, బరువు రెండొందల గ్రాములు పెరుగుతుంది కదా. ఒక పెద్దదాని కన్నా రెండు చిన్నవి మేలు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల సెల్‌లు మూడు వరసగా కలిపి వాడదామనే ఆలోచన మానుకోండి. అవి నాలుగైదు ఆంపియర్లకే తయారైనవి, క్వాడ్ లేవగానే వోల్టేజీ కుంగి కంట్రోలరు రీసెట్ అయి పడుతుంది.

కిట్‌లో వచ్చే బీ3 ఛార్జరుతో ఒక్క బ్యాటరీకి మూడు గంటలు పడుతుంది, వోల్టేజీ చూపదు, వాడనప్పుడు దాచి ఉంచే స్థాయికి తెచ్చే స్టోరేజ్ మోడ్ లేదు. బీ6 రకం ఛార్జరు 2.2 ఆంపియర్లతో గంటలో ముగిస్తుంది, ఒక్కో సెల్ వోల్టేజీ విడిగా చూపిస్తుంది. దాన్ని 12 వోల్టుల ఇన్వర్టరు బ్యాటరీకి నేరుగా తగిలించొచ్చు, కరెంటు కోతల్లో ఇదొక సదుపాయం. నిండిన సెల్ 4.2 వోల్టులు. గాల్లో 3.5కి రాగానే దిగాలి. వంద రూపాయల బజరు బ్యాలెన్స్ ప్లగ్గుకి తగిలించి 3.5 దగ్గర మోగేలా పెట్టండి. రెండు మూడు రోజుల్లో ఎగరేయకపోతే 3.8కి దించి ఉంచాలి. మన మే నెల ఎండలో నిండు బ్యాటరీని బండి డిక్కీలో వదిలితే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జి చేయకండి. ఆరుబయట కారు హెడ్‌లైట్ బల్బు తగిలించి సున్నాకి దింపి, తర్వాత ఎలక్ట్రానిక్ చెత్తలో ఇవ్వండి. ఛార్జి చేసేటప్పుడు ఇంట్లోంచి బయటికి పోవద్దు, కింద గచ్చు ఉండాలి, పరుపు కాదు.

చిల్లర సామాను శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి, విజయనగరం గంట స్తంభం చుట్టుపక్కల షాపుల్లో దొరుకుతుంది. అక్కడ తప్పకుండా కొనాల్సింది 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్. రేడియో బాగుచేసే 25 వాట్లది బ్యాటరీకి ఉండే ఎక్స్‌టీ60 కనెక్టరుని వేడెక్కించలేదు, సోల్డరు పైపైన ముద్దగా అంటుకుని లోపల పట్టదు. అలాంటి అతుకు భారం పడగానే వేడెక్కి ఊడిపోతుంది. రెండోది బైకు ఆటోమొబైల్ షాపులో 12 వోల్టుల 21 వాట్ల బల్బు. దాన్ని బ్యాటరీ ఎర్ర తీగకి వరసలో పెట్టి మొదటిసారి కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోతే అంతా బాగుంది. అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, కానీ ఏదీ కాలలేదు. ముప్పై రూపాయల బల్బు నాలుగు ఈఎస్‌సీల్ని, కంట్రోలరుని కాపాడుతుంది. ఇంతకన్నా లాభసాటి కొనుగోలు ఈ మొత్తం జాబితాలో లేదు.

కెమెరా, జీపీఎస్, పొడుగు కాళ్లు మొదటి నెలకి వద్దు. దిగేటప్పుడు కాళ్లు నేలకి తట్టుకుంటే క్వాడ్ బోల్తాపడి రెక్కలు పోతాయి, ఫ్రేము చేతుల కిందనే స్పాంజి ముక్కలు చాలు.

నిబంధనల గురించి క్లుప్తంగా. డ్రోన్ నిబంధనలు, 2021 ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల దాకా ఉన్నది మైక్రో. వ్యాపారానికి కాకపోతే దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంటే ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. రిజిస్ట్రేషను, జోన్ మ్యాపు వేరే సంగతులు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా, విమానాశ్రయం సరిహద్దుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. భోగాపురం చుట్టుపక్కల వాళ్లు, విశాఖ వైపు నౌకాదళ స్థావరాలకి దగ్గర్లో ఉన్నవాళ్లు ఎగరేసే రోజున ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో జోన్ మ్యాపు తెరిచి చూడాలి. 2022 ఫిబ్రవరి 9 నుంచి పూర్తి డ్రోన్లు, విడదీసిన కిట్లు విదేశాల నుంచి తెప్పించడం నిషేధం, విడిభాగాలకి మాత్రం ఆ అడ్డు లేదు. ఇది కూడా కిట్ కొనకుండా విడిగా కొనమనడానికి ఒక కారణం.

ఆర్డరు పెట్టే వరస కూడా ముఖ్యమే. మొదట రిమోటు, దానితో పాటు సిమ్యులేటరు కేబుల్ ఒక్కటీ తెప్పించండి. ల్యాప్‌టాప్‌లో ఉచిత సిమ్యులేటరు మీద రోజుకి అరగంట, మూడు వారాలు. ముక్కు మన వైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవడం వేళ్లకి అలవాటయ్యాకే మిగతా సామాను. రెండో ఆర్డరులో బ్యాటరీ, ఛార్జరు పెట్టండి. లిథియం బ్యాటరీలు విమానంలో పంపడానికి ఆంక్షలున్నాయి, మన ఊళ్లకి రోడ్డు మార్గంలో రావడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అవి దారిలో ఉండగా ఫ్రేము, మోటార్లు, ఈఎస్‌సీలు, కంట్రోలరు. అన్నీ చేరేసరికి వరి కోతలు అయిపోయే కాలమైతే మరీ మంచిది. కోసిన పొలం మెత్తగా ఉంటుంది, తాటిచెట్లకి దూరంగా చోటు దొరుకుతుంది, ఉదయం ఎనిమిది లోపు గాలి ఉండదు. మొదటి రోజు నడుము ఎత్తుకి మించి లేపకండి, రెండు నిమిషాలకోసారి దింపి నాలుగు మోటార్లూ చేత్తో తాకి చూడండి. ఒక్కటి మాత్రమే మిగతా మూడింటి కన్నా వేడిగా ఉంటే ఆ మూల స్క్రూలు, ప్రొపెల్లరు, బేరింగు విప్పి చూసేదాకా మళ్లీ ఎక్కించకండి.